లోమా దరఖాస్తు: గచ్చు ఎత్తు కాదు, గోడను ఆనుకున్న నేల ఎత్తు

హ్యూస్టన్, టాంపా వైపు ఇల్లు కొన్న మనవాళ్లకు బ్యాంకు నుంచి ఒక లేఖ వస్తుంటుంది: ఇల్లు ఏఈ జోన్‌లో (వరద ముప్పు ఎక్కువని ప్రభుత్వ పటంలో గుర్తించిన ప్రాంతంలో) ఉంది, వరద బీమా తప్పనిసరి. ఆ వెనకే ‘జోన్ నుంచి తీయిస్తాం’ అంటూ డబ్బు అడిగేవాళ్లూ తయారవుతారు. ఇల్లు మెరక మీదే ఉండి, పటంలో మాత్రం జోన్‌లో పడితే, ఆ పటాలు గీసే అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమాకు ‘లోమా’ (పటాన్ని సవరిస్తూ ఇచ్చే లేఖ) కోసం దరఖాస్తు మీరే పెట్టుకోవచ్చు. ఫెమా దీనికి ఒక్క సెంటు తీసుకోదు. ఖర్చల్లా సర్వేయరుదే.

ఫెమా మ్యాప్ సర్వీస్ సెంటర్ సైటులో చిరునామా ఇస్తే జోన్, అక్కడి వరద మట్టం (పెద్ద వరదలో నీరు చేరుతుందని పటం లెక్కగట్టిన ఎత్తు, బేస్ ఫ్లడ్ ఎలివేషన్) తెలుస్తాయి. ఒక్క ఇల్లే అయితే ఎంటీ-ఈజెడ్ ఫారం నింపి, కౌంటీలో నమోదైన ప్లాట్ మ్యాప్ నకలు జతచేసి, ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు.

చిక్కంతా ఎలివేషన్ సర్టిఫికెట్ (ఇంటి, నేల ఎత్తులు కొలిచి సర్వేయరు ఇచ్చే పత్రం) దగ్గర. ‘మా గచ్చు వరద మట్టం కన్నా రెండడుగులు ఎత్తు’ అని ధీమాగా దరఖాస్తు పెట్టినవాళ్లే ఎక్కువగా భంగపడతారు. లోమాకు గచ్చుతో పని లేదు. ఇంటిని తాకే నేలలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు వరద మట్టానికి సమానంగానో, పైనో ఉండాలి. ఇంటికి కలిసి ఉన్న మెట్లు, డెక్ స్తంభాల మొదళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. పెరట్లో డెక్ కాలు ఒక్కటి పల్లంలో ఉన్నా దరఖాస్తు తిరిగి రావచ్చు. కాబట్టి సర్టిఫికెట్‌లో సీ2-ఎఫ్ (ఇంటిని ఆనుకున్న నేలలో పల్లపు చోటు), సీ2-హెచ్ (డెక్, మెట్ల మొదట్లోని పల్లపు నేల) గడులు చూడండి. పాత సర్టిఫికెట్ ఉందేమో అమ్మినవారిని, వరద ముంపు ప్రాంతాల వ్యవహారాలు చూసే ఊరి ఫ్లడ్‌ప్లెయిన్ కార్యాలయాన్ని ముందు అడగండి. దొరికితే సర్వే ఖర్చు మిగులుతుంది. బిల్డరు మట్టి పోయించి మెరక చేసిన స్థలమైతే దారి వేరు. దాన్ని లోమర్-ఎఫ్ అంటారు, దానికి రుసుము ఉంది.

కాగితాలన్నీ అందాక దాదాపు 60 రోజుల్లో ఫెమా నిర్ణయం లేఖగా వస్తుంది. జోన్ నుంచి తీశామన్న ఆ లేఖ చూపినా, బీమా ఉంచమని బ్యాంకు పట్టుబట్టవచ్చు. ఆ హక్కు దానికి ఉంది. అందుకే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా పాలసీ రద్దు చేసుకోవద్దు. జోన్ నుంచి బయటపడ్డా ముప్పు పోయినట్టు కాదు: 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో సగానికి పైగా ఈ జోన్‌కు బయటివే. వదిలేసి మళ్లీ కొంటే మామూలుగా 30 రోజులు ఆగాలి. జాతీయ వరద బీమాలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000. సామాను బీమా విడిగా అడిగి తీసుకోవాలి.