వరంగల్ దారులకు తగిన సైకిల్ భాగాలను ఎంచుకోవడం, వాటిని ఎక్కువ కాలం నిలుపుకోవడం ఎలా?

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిపోయిన ఈ నగరంలో సైకిల్ తొక్కేవారికి ఒకే రోజు మూడు రకాల నేల తగులుతుంది. చౌరస్తాల దగ్గర తారు, సిమెంటు రోడ్లు ఉంటాయి, కొత్త కాలనీలు మొదలవగానే మొరం బాటలు వస్తాయి, ఇంకొంచెం ముందుకు వెళితే పొలాల పక్క దారులు మొదలవుతాయి. ఎండకాలంలో సన్నని ఎర్రదుమ్ము చెయినులోకి చేరుతుంది, వానకాలంలో అదే దుమ్ము బురదై బ్రేకు రబ్బర్లను అరగదీస్తుంది. అందువల్ల ఏ భాగాన్నైనా మీరు తొక్కే దారిని బట్టి, మీ సైకిల్ కొలతను బట్టి కొనాలి, అరిగిందో లేదో కొలిచి చూసి మార్చాలి. ఈ కొలతల్లో చాలావాటికి ఒక స్టీలు స్కేలు, కొంత ఓపిక ఉంటే చాలు.

1. టైరు మీది అంకెలను చదవండి

టైరు పక్క భాగంలో రెండు రకాల అంకెలు అచ్చయి ఉంటాయి. 26 × 1.95 వంటిది అంగుళాల లెక్క. దానికి దగ్గరలోనే 50-559 అన్నట్టు గీత పెట్టి రాసిన అంకెలు కనిపిస్తాయి. వాటిలో మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట ఉండే వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. కొనేటప్పుడు నమ్మవలసింది ఈ రెండో అంకెనే. 26 × 1.95 టైరుకు అది 559, 26 × 1⅜ టైరుకు 590. దుకాణంలో రెండింటినీ ‘ఇరవై ఆరు’ అనే పిలుస్తారు గానీ ఒకదాని రిమ్ముకు ఇంకొకటి కుదరదు. ఈ తేడా తెలియని రోజుల్లో నేను ‘ఇరవై ఆరు’ అని మాత్రమే చెప్పి టైరు తెచ్చుకొని, ఇంటి దగ్గర గంటసేపు దానితో పెనుగులాడి, చివరికి వెనక్కి మోసుకెళ్ళాను. పాత నల్ల సైకిళ్ళకు వచ్చే 28 × 1½ టైరుకు ఈ అంకె 635. గేర్ల సైకిళ్ళలో 27.5 అంగుళాల టైరుకు 584; 700సి అనే కొలత టైరుకూ, 29 అంగుళాల టైరుకూ 622. ఈ అంకెను ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, వీలైతే పాత టైరునే దుకాణానికి తీసుకెళ్ళండి.

కొలత తేలిన తరువాత టైరు పైభాగపు అచ్చును చూడండి. రోజూ హనుమకొండ నుంచి కాజీపేట వరకు వెళ్ళివచ్చేవారికి మధ్యభాగం నునుపుగా ఉన్న టైరు సుఖంగా ఉంటుంది. పెద్ద పెద్ద గడ్డలున్న టైరు చూడటానికి దృఢంగా అనిపించినా తారు రోడ్డు మీద తొక్కేవారి శక్తిని తినేస్తుంది. మొరం, పొలం దారులే ఎక్కువైతే వెడల్పు టైరు తీసుకోండి. మన పొలాల పక్కన పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి, పైరబ్బరు కింద ముల్లు దిగకుండా అదనపు పొర ఉన్న టైరుకు కొంత ఎక్కువ ఖర్చు పెట్టినా అది వృథా కాదు.

పంచరు అయినప్పుడు ట్యూబుకు అతుకు వేసి వెంటనే ఎక్కించడం తొందరపాటు. ముందు ఒక దూది ఉండను టైరు లోపల చుట్టూ తిప్పండి. ముల్లు మొన ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ దూది చిక్కుకుంటుంది, వేలితో వెతికితే ఆ ముల్లే వేలికి గుచ్చుకుంటుంది. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు కనిపిస్తే అది ముల్లు పని కాదు. గాలి తక్కువగా ఉండగా గుంతలో పడి, ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిందని అర్థం. ఎంత గాలి పట్టాలో టైరు మీదే అచ్చయి ఉంటుంది. ఆ హద్దులు దాటకుండా వెనక చక్రానికి ముందు చక్రం కంటే కొంచెం ఎక్కువ కొట్టండి, ఎందుకంటే బరువులో ఎక్కువ భాగం వెనకే పడుతుంది. వారానికొకసారి చూసుకోవాలి. పాత సైకిళ్ళ వాల్వు లోపల వాల్ట్యూబు అనే సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది. ఎండలకు అది పగిలి గాలి నెమ్మదిగా దిగిపోతుంది కాబట్టి, ట్యూబును అనుమానించే ముందు దాన్ని మార్చి చూడండి. మే నెల ఎండలో సైకిల్‌ను రోజంతా బయట నిలబెడితే టైరు పక్కలు బీటలు వారతాయి, నీడ తప్పనిసరి.

2. చెయినును కొలిచి మార్చండి

సైకిల్ మీద అందరూ ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది, నిర్లక్ష్యానికి ఎక్కువ ఖర్చు పెట్టించేది చెయినే. తెగితే తప్ప మార్చనక్కర లేదని చాలామంది అనుకుంటారు. చెయిను తెగడానికి చాలా ముందే దాని పిన్నులు లోపల అరిగి మొత్తం పొడవు పెరుగుతుంది, పొడవు పెరిగిన చెయిను వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రం, అంటే ఫ్రీవీల్ పళ్ళను, ముందున్న చెయిన్‌వీల్ పళ్ళను తన కొలతకు తగ్గట్టు అరగదీస్తుంది. అప్పుడు కొత్త చెయిను వేసినా పాత పళ్ళ మీద జారుతుంది, చివరికి మూడూ మార్చవలసి వస్తుంది.

కొలిచే విధానం సులభం. చెయినులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు అర అంగుళం దూరం. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో ఆనించి, చెయినును బిగుతుగా లాగి పట్టుకొని, 24 ఖాళీలు లెక్కపెట్టండి. కొత్త చెయినులో ఇరవై నాలుగో ఖాళీ చివరనున్న పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది గీతను అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే చెయిను మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్ల దాకా వెళ్ళిందంటే పళ్ళు కూడా అరిగి ఉంటాయి, వాటిని కూడా పరీక్షించాలి. గేర్లు లేని సైకిళ్ళకు ఎక్కువగా అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పున్న చెయిను, ఆరేడు గేర్లున్న వాటికి అంతకంటే సన్నని చెయిను సరిపోతాయి కాబట్టి, కొనేటప్పుడు మీది ఏదో ముందే చెప్పాలి.

గేర్లు లేని సైకిల్ చెయినును మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు అర అంగుళం ఆడాలి. అంతకంటే వదులైతే పడిపోతుంది, మరీ బిగిస్తే చక్రం మధ్యనుండే హబ్బులోని గోళీల (బేరింగు గుండ్ల) మీద భారం పడుతుంది. వెనక యాక్సిల్ నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి జరిపేటప్పుడు రెండు పక్కలా సమానంగా జరిగిందో లేదో చూసి మళ్ళీ బిగించాలి.

నూనె విషయంలో మన దగ్గర రెండు అలవాట్లు మానుకోదగ్గవి. బండి ఇంజన్ నుంచి తీసిన నల్లటి పాత ఆయిలులో లోహపు పొడి ఉంటుంది, అది చెయినుకు మేలు చేయదు. ఇంట్లోని కొబ్బరినూనె, వంటనూనె కొన్నాళ్ళకు జిగురై దుమ్మును పట్టేస్తాయి. ముందు పొడిగుడ్డతో చెయినును గట్టిగా తుడవండి, మురికి మరీ పేరుకుపోతే డీజిలులో తడిపిన బ్రష్‌తో రుద్ది ఆరనివ్వండి. తరువాత సన్నని మిషను నూనెను ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి, పెడలును కాసేపు వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనెనంతా తుడిచివేయండి. నూనె పనిచేసేది రోలర్ల లోపలే. పైన మెరుస్తూ కనిపించేదంతా దుమ్మును పిలిచేదే. రోజూ తొక్కేవారు పదిహేను రోజులకోసారి, వానలో తడిసినప్పుడు ఇంటికి రాగానే ఈ పని చేయాలి. యాసంగి కోతల కాలంలో వడ్లు ఆరబోసిన రోడ్ల మీదుగా వెళ్ళివస్తే ఫ్రీవీల్ పక్కన గడ్డిపోచలు చుట్టుకున్నాయేమో చూడండి.

3. బ్రేకులు

రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపును, అంటే పుల్లలున్న వైపును పట్టుకుంటాయి, వైరు బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టుకుంటాయి. ఏ రకమైనా రబ్బరు రిమ్ముకే తగలాలి. టైరుకు తగిలితే కొన్ని రోజుల్లోనే టైరు కోసుకుపోతుంది. రబ్బరు మీది గాళ్ళు కనిపించకుండా అరిగినా, నొక్కినప్పుడు లివరు హ్యాండిల్‌కు ఆనినా ఆలస్యం చేయవద్దు. వైరులో ఒక్క పోగు తెగినా కొత్తది వేయించాలి, మిగతా పోగులు తెగడానికి ఎన్నో రోజులు పట్టదు. స్టీలు రిమ్ము తడిసినప్పుడు బ్రేకు పట్టు చాలా తగ్గుతుంది. వానలో కూడలి దగ్గరికి వచ్చేముందే బ్రేకును తేలికగా రెండుసార్లు తాకించి రిమ్ము మీది నీటిని తుడిచివేయడం అలవాటు చేసుకోండి. డిస్క్ బ్రేకు ఉన్నవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: చెయినుకు వేసే నూనె ఒక్క చుక్క డిస్క్ మీద పడినా ప్యాడ్లు నూనె పీల్చుకుంటాయి, చాలాసార్లు వాటిని మార్చక తప్పదు.

4. గోళీలు, పెడళ్ళు, పుల్లలు

చక్రాన్ని పట్టుకొని అటూ ఇటూ కదపండి. హబ్బు దగ్గర టకటక ఆడితే గోళీలను అదిమి పట్టే కోను అనే నట్టును బిగించాలి, తిప్పినప్పుడు గరగరలాడితే లోపల గ్రీజు ఎండిపోయినట్టు. విప్పి గ్రీజు పెట్టించేటప్పుడు గోళీలన్నింటినీ ఒకేసారి మార్పించండి, పాతవాటిలో కొత్తవి కలిపితే బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. ఎడమ పెడలు మర ఉల్టాగా ఉంటుంది: గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. ఇది తెలియక బలవంతం చేసి క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) మరను పాడుచేసుకున్న సైకిళ్ళను చాలానే చూశాను. విరిగిన పుల్లను ఆ రోజే మార్పించండి. వంకర తిరిగిన చక్రాన్ని సరిచేసే పనిని మాత్రం అనుభవమున్న మెకానిక్‌కే వదిలేయడం మంచిది, ఒక పుల్ల బిగిస్తే దాని ప్రభావం పక్కవాటి మీద కూడా పడుతుంది.

5. అదనపు సామగ్రి

మడ్‌గార్డులను తీసివేయవద్దు. అవి లేకపోతే మొరం బురదంతా నేరుగా చెయిను మీదికే చిమ్ముతుంది. క్యారియరు కొనేటప్పుడు దాని మీద అచ్చయిన బరువు హద్దును చూడండి. కాజీపేట స్టేషను వంటి చోట సైకిల్‌ను రోజంతా వదిలి వెళ్ళేవారికి వెనక చక్రపు తాళం ఒక్కటే చాలదు, ఫ్రేమునూ చక్రాన్నీ కలిపి ఒక కదలని కడ్డీకి కట్టే గొలుసు తాళం కావాలి.

చీకటిపడ్డాక తొక్కేవారికి ముందు తెల్లని లైటు, వెనక ఎర్రని లైటు, దానితోపాటు ఎర్రని రిఫ్లెక్టరు ఉండాలి. బ్యాటరీ అయిపోయినా రిఫ్లెక్టరు పనిచేస్తుంది. వెనక లైటును సీటు కింద బిగించడం మామూలే. అయితే ఏనుమాముల మార్కెట్ వైపు సాయంత్రం వెళ్ళివచ్చే సైకిళ్ళలో చాలావాటికి క్యారియరు మీది సంచి ఆ లైటును పూర్తిగా కప్పేస్తుంది. బరువు మోసే సైకిల్‌కు వెనక లైటును మడ్‌గార్డు కింది భాగంలో బిగించి, సంచి పెట్టిన తరువాత ఒక ఇరవై అడుగులు వెనక్కి నడిచి అది కనిపిస్తున్నదో లేదో స్వయంగా చూడండి.