స్కూటీ క్లచ్ సెట్టింగ్: ఘాట్‌కి ఎలా, హైవే స్పీడుకి ఎలా

దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటాక ఘాట్‌లో డబుల్స్‌తో స్కూటీ గుంజడం లేదంటే, ఇంజన్ పోయిందని టెన్షన్ పడకుండా ముందు ఎడమ పక్క కవర్ విప్పించండి. గేర్లు లేని బండిలో గేర్ల పని చేసేది అక్కడున్న వేరియేటర్ (లోపల బరువు రోలర్లుండే ముందు పుల్లీ), బెల్టు, వెనక క్లచ్ సెట్టే. మంచు మీద నడిపే స్నోమొబైల్ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది.

స్పేర్లు కొనే ముందు పాతవి చూడండి. మనోళ్లలో చాలామంది స్ప్రింగులకు, రోలర్లకు డబ్బులు తగలేస్తారు గానీ అసలు రోగం అరిగిన బెల్టు. బెల్టు వెడల్పు తగ్గితే ముందు పుల్లీలో అంచు దాకా ఎక్కలేదు, టాప్ స్పీడు అక్కడే పోతుంది. వర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పనిముట్టు) కొలిచి మాన్యువల్లో ఇచ్చిన లిమిట్‌తో పోల్చుకోండి. రోలర్లు ఒక పక్క చదునుగా అరిగి ఉంటే బండి ఆగి ఆగి లాగినట్టు అనిపిస్తుంది, సెట్టు మొత్తం మార్చాల్సిందే. కదిలేటప్పుడు గడగడ వణుకుతుంటే క్లచ్ బెల్లులో (క్లచ్ షూలు లోపల పట్టుకునే గిన్నెలాంటి డ్రమ్ము) దుమ్ము చేరి ఉంటుంది. క్వారీ లారీలు తిరిగే రోడ్ల మీద నడిపేవాళ్లకు ఇది మామూలే. ముక్కుకు గుడ్డ కట్టుకుని తుడవండి, ఆ దుమ్ము పీల్చకూడదు.

ఇప్పుడు రోలర్ల సంగతి. ఇంజన్ తిరిగే కొద్దీ ఇవి బయటికి జరిగి పుల్లీని నొక్కుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది, అంటే పై గేరు పడ్డట్టు. తేలిక రోలర్లు వేస్తే ఈ మార్పు ఆలస్యంగా జరుగుతుంది, ఇంజన్ ఎక్కువ ఆర్పీఎంలో (నిమిషానికి తిరిగే చుట్లు) తిరుగుతూ పికప్ ఇస్తుంది, ఘాట్‌లో బాగుంటుంది కానీ మోత, పెట్రోలు రెండూ పెరుగుతాయి. బరువువి వేస్తే తొందరగా పై గేరుకు పోతుంది, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి ఒకే స్పీడులో పోయేవాళ్లకు హాయి, ఎక్కుడులో మాత్రం చచ్చుపడుతుంది. బరువువి వేస్తే టాప్ స్పీడు దానంతట అదే పెరుగుతుందనుకోవడం భ్రమ. ఆ గేరును లాగే శక్తి ఇంజన్‌కు ఉండాలి కదా.

అందుకే లెక్క ఆర్పీఎంతో చూడాలి. ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటర్ (ఆర్పీఎం చూపే మీటరు) దొరుకుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో స్పీడు పెరుగుతున్నంతసేపూ ఇంజన్, మాన్యువల్లో పవర్ పక్కన రాసిన ఆర్పీఎం దగ్గరే నిలబడాలి. దానికంటే కిందికి పడిపోతుంటే రోలర్లు బరువెక్కువ, దాటిపోతుంటే తేలికెక్కువ. ఒకేసారి గ్రాము తేడా కంటే ఎక్కువ మార్చకండి. మధ్య బరువు కావాలంటే 10 గ్రాములవి 3, 12 గ్రాములవి 3 ఒకటి విడిచి ఒకటి పెడితే సగటున 11 గ్రాములవి వేసినట్టే.

బెల్టు ఎంత ఎక్కుతోందో తెలియాలంటే పుల్లీ ముఖం మీద నడిమి నుంచి అంచు దాకా మార్కర్‌తో గీత గీసి, ఖాళీ రోడ్డు మీద లిమిట్ దాటకుండా ఒక రౌండ్ వేసి విప్పండి. గీత ఎక్కడి దాకా చెరిగితే బెల్టు అక్కడి దాకా ఎక్కినట్టు.

వెనక పెద్ద స్ప్రింగ్ గట్టిది వేస్తే ఎక్కుడు రాగానే కింది గేరుకు త్వరగా వస్తుంది, కానీ బెల్టు వేడెక్కి తొందరగా అరుగుతుంది. రోలర్లతో పని జరిగితే దీని జోలికి పోవద్దనే నేనంటాను. క్లచ్ షూల చిన్న స్ప్రింగులు మారిస్తే బండి కదిలే ఆర్పీఎం మాత్రమే మారుతుంది, టాప్ స్పీడుకు వాటితో సంబంధం లేదు.

బిగించేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది, ఇది దగ్గరుండి చూసుకోండి. వెనక పుల్లీని తెరిచి బెల్టును లోపలికి నొక్కి వదులు చేశాకే ముందు నట్టు బిగించాలి. లేకపోతే బెల్టు పుల్లీ ముఖాల మధ్య ఇరుక్కుని నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, రోడ్డెక్కాక వదులై షాఫ్ట్ పళ్లు కొట్టేస్తుంది. గాలి గన్‌తో కాదు, ఎంత బిగించాలో కొలిచే టార్క్ పానాతో బిగించమనండి. బెల్టుకు, పుల్లీ ముఖాలకు గ్రీజు చుక్క కూడా తగలకూడదు.

దోమలపెంట నుంచి డ్యామ్ వైపు దిగుడులో థ్రాటిల్ పూర్తిగా వదిలేసి చాలా నెమ్మదైతే క్లచ్ విడిపోతుంది, ఇక ఇంజన్ పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. అలా వదిలేసినట్టు అనిపిస్తే కొంచెం థ్రాటిల్ ఇవ్వండి, మళ్లీ పట్టుకుంటుంది.