సీసం పోత – నాలుగో పాఠం: అచ్చులో దాగిన తడి

మూడో పాఠం చదివి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తయారు చేసుకున్నవారిలో చాలామందికి మొదటి పోతే బెడిసికొట్టిందని వచ్చిన ఉత్తరాలను బట్టి తెలిసింది. గాలానికీ విసురువలకూ కట్టుకునే సీసపు గుండ్లను ఇంట్లోనే పోసుకోవడం నేర్పే ఈ వరసలో ఈసారి చెప్పవలసింది గుండులో కొక్కెపు తీగను నిలబెట్టే పద్ధతి. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మల్కాజిగిరి నుంచి రాసిన ఒకరి గుండు ఒళ్లంతా తూట్లుపడి తేనెపట్టులా తయారైంది. అత్తాపూర్ నుంచి రాసినవారి అచ్చులో పోసిన సీసం అచ్చు గొంతు (పోసే రంధ్రం) దగ్గర బుడబుడమని ఉడికి సగం వెనక్కి చిమ్మింది. మూడో ఆయన అచ్చు నిలువునా రెండు చెక్కలైంది. ముగ్గురూ రాసిన మాట మాత్రం ఒకటే: “అచ్చును బాగానే ఆరబెట్టాను.” ఇందులో నా తప్పూ ఉంది. “ఆరాక పోయండి” అని పోయినసారి ఒక్క ముక్కలో తేల్చేశాను. నలభై ఏళ్లుగా చేస్తున్న పని కనుక ఆరడమంటే ఏమిటో అందరికీ తెలుసుననుకున్నాను.

అత్తాపూర్ పాఠకుడు తన వాదన గట్టిగానే వినిపించారు. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు చేసేవారిని అడిగితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు రోజుల్లో ఆరిపోతుందని చెప్పారట. వారి పనికి ఆ లెక్క సరిపోతుంది. విగ్రహం లోపల డొల్లగా ఉంటుంది, గోడ పలచగా ఉంటుంది, దాని మీద పడేది రంగు. మీ అచ్చు రెండంగుళాల మందాన ఉన్న గట్టి దిమ్మ, అందులో పడేది 350 డిగ్రీలు దాటిన లోహం. పైగా మీరంతా అచ్చులు పోసుకున్నది ముసురు పట్టిన శ్రావణంలో, డాబా మీద ఉతికిన తువ్వాలు కూడా సాయంత్రానికి ఆరని రోజుల్లో.

అసలు సంగతి ఏమిటంటే, ప్లాస్టర్ అచ్చులో నీరు రెండు రకాలుగా ఉంటుంది. కలుపుకున్న నీటిలో కొంత భాగాన్ని పొడి తనలో కలుపుకుని గట్టిపడుతుంది. ఆ నీరు ఇక తడిగా కనిపించదు, ఎండకు పోదు, ఆ రాయిలో భాగమైపోతుంది. మిగిలిన నీరు సందుల్లో ఊరికే నిలిచి ఉంటుంది. మూడో పాఠంలో చెప్పిన కొలత ప్రకారం 500 గ్రాముల పొడికి 350 గ్రాముల నీరు పోశారు. ఆ పొడి గట్టిపడటానికి తీసుకునేది సుమారు 93 గ్రాములే. తక్కిన 257 గ్రాములు, అంటే పావు లీటరుకు పైగా నీరు, దిమ్మ కడుపులో నిలిచి ఉంటుంది. పైపొర ఒకటి రెండు రోజుల్లో ఆరి, చేత్తో తడిమితే సుద్దముక్కలా పొడిగా తగులుతుంది. మీరందరూ మోసపోయింది అక్కడే.

కనుక ఈ పనిలో చేతి స్పర్శను నమ్మవద్దు, కాటాను నమ్మండి. ఒక గ్రాము వరకు చూపించే ఎలక్ట్రానిక్ కాటా చాలు. అచ్చు గట్టిపడి పెట్టెలోంచి ఊడివచ్చిన వెంటనే తూచి, ఆ తూకాన్ని అచ్చు వీపు మీదే పెన్సిలుతో రాయండి. కలిపిన 850 గ్రాములూ అచ్చులోకి వచ్చాయని లెక్కవేసుకోవద్దు. బకెట్టు గోడలకు అంటుకున్నది, పొంగి కారిపోయినది అందులోంచి పోయి ఉంటాయి, అందుకే తూచవలసింది చేతికి వచ్చిన దిమ్మనే. ఆ తడి తూకాన్ని 0.7తో హెచ్చవేస్తే వచ్చే అంకె మీ మొదటి మజిలీ. ఉదాహరణకు ఒక దిమ్మ తడిగా 620 గ్రాములు తూగితే, 434 గ్రాములకు దిగినప్పుడు ఊరికే నిలిచిన నీరంతా పోయిందన్నమాట. మల్కాజిగిరి పాఠకుడు నా మాట మీద తన అచ్చును తూచి చూశారు. తడిగా ఉన్నప్పుడు తూచి ఉండలేదు కాబట్టి కచ్చితమైన లెక్క కుదరలేదు గానీ, “బాగానే ఆరిన” ఆ అచ్చు ఆ తరువాతి ఆరు రోజుల్లో ఇంకో 110 గ్రాములు తగ్గింది.

మొదటి మజిలీతో పని పూర్తి కాదు. రాయిలో కలిసిపోయిన ఆ నీరు వంద డిగ్రీలు దాటాక మెల్లగా విడిపోవడం మొదలుపెడుతుంది. సీసం కరగడానికే 327 డిగ్రీలు కావాలి. అంటే ఎండలో ఎంత ఆరిన అచ్చయినా కరిగిన సీసం తగిలిన చోట ఆవిరి విడుస్తుంది, గుండు చర్మం మీద సన్నటి తూట్లు పడతాయి. కనుక మొదటి మజిలీ చేరిన అచ్చును 150 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు కాల్చాలి. అప్పుడు తూకం తడి తూకంలో 0.59 వంతుకు దిగుతుంది. పై ఉదాహరణలో 366 గ్రాములు. మొదటి మజిలీ చేరకముందే ఓవెన్‌లో పెట్టి వేడి పెంచితే లోపలి నీరు బయటికి దారి దొరక్క దిమ్మను చీలుస్తుంది. మూడో పాఠకుడికి జరిగింది ఇదే. సీసం ఒక్కసారి కూడా తగలని అచ్చునైతే ఇంట్లో ఓవెన్‌లో కాల్చుకోవచ్చు. సీసం తగిలిన తరువాత అదే అచ్చును వంటింటి గడప దాటనివ్వకూడదు, దానికి వేరే పాత ఓవెన్ ఉండవలసిందే. కాల్చిన ప్లాస్టర్ గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది కాబట్టి వేడిగా ఉన్నప్పుడే గాలి చొరని డబ్బాలో పెట్టండి, పోసే రోజు మళ్లీ తూచండి, తూకం పెరిగి ఉంటే మళ్లీ కాల్చండి.

ఇంత తతంగం చేసినా కాల్చిన ప్లాస్టర్ పెళుసుబారుతుంది, కొన్ని పోతలకే అంచులు రాలతాయి. నా మటుకు నేను ప్లాస్టర్‌ను ఎప్పుడో వదిలేశాను. పూర్వం రాచ్చిప్పలు చెక్కిన మెత్తటి బలపపు రాయిని రెండు పలకలుగా కోసి, గరుకు కాగితం మీద రుద్ది, పాత స్క్రూడ్రైవరు మొనతో గుంట తొలుచుకుంటాను. అది వేడికి చెదరదు. పోసేముందు సీసం కరిగించే మూకుడు అంచున కాసేపు వెచ్చబెట్టి, కిరోసిన్ దీపం పొగతో లోపల పలచగా మసి పట్టిస్తే చాలు. ప్లాస్టర్‌తో మొదలుపెట్టించింది అది ఎక్కడైనా దొరుకుతుందనే.

ఇక నన్ను నిజంగా చిరాకు పెట్టిన ఉత్తరం గురించి చెప్పాలి. ఒకరు తన ధైర్యానికి సాక్ష్యంగా, కరిగిన సీసం మీద కావాలనే రెండు నీటిచుక్కలు వేసి చూశాననీ, అవి ముత్యాల్లా దొర్లి మాయమయ్యాయే తప్ప ఏమీ కాలేదనీ, నీటి గురించి నేను అనవసరంగా భయపెడుతున్నాననీ రాశారు. ఆయన చూసింది నిజమే. కాలిన దోశ పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు గుండ్రంగా మారి పరుగులు తీయడం ప్రతి ఇంట్లోనూ చూస్తాం. చుక్కకూ పెనానికీ మధ్య పలచని ఆవిరి పొర ఏర్పడి చుక్కను పైన తేల్చి ఉంచుతుంది, ఆవిరి గాలిలోకి పోతుంది. సీసం మీద పడిన చుక్క కూడా అలాగే దొర్లుతుంది. ప్రమాదం సీసం కింద చిక్కిన చుక్కతో వస్తుంది. మిల్లీలీటరుకు దాదాపు ఇరవై చుక్కలు. 350 డిగ్రీల దగ్గర ఒక్క చుక్క సుమారు 140 మిల్లీలీటర్ల ఆవిరి అవుతుంది, అంటే ఒక చాయ్ కప్పు నిండేంత. అంత ఆవిరి రెప్పపాటులో పుట్టి పైకి రావడానికి దారిలో ఉన్న సీసాన్ని తోసేయాలి. అదే సీసం మీ ముఖం మీదికి వచ్చేది.

ఆ చుక్క సీసం కిందికి ఎలా వెళుతుందని అడిగితే, మనమే పంపిస్తాం. ఘనసీసం కరిగిన సీసం కన్నా బరువైనది, కాబట్టి మూకుడులో వేసిన ముక్క మంచుముక్కలా తేలదు, నేరుగా అడుగుకు మునుగుతుంది, తన ఒంటి మీది తడిని కూడా తీసుకుని మునుగుతుంది. అన్నిటికన్నా చెడ్డవి పాత వలల నుంచి విప్పిన గుండ్లు: తాడు దూర్చే రంధ్రంలో చెరువు మట్టి గడ్డకట్టి ఉంటుంది, మట్టిలో తడి ఉంటుంది, పైకి చూస్తే గుండు ఎండిపోయినట్టే ఉంటుంది. అందుకే కరిగిన సీసంలో చల్లటి ముక్క వేయకూడదు. వేయవలసినదంతా చల్లటి మూకుడులోనే వేసి, అన్నిటినీ కలిపి మొదటి నుంచి వేడి చేయాలి. గరిటె, అడుగున కలియబెట్టే కడ్డీ, తాడు రంధ్రం కోసం అచ్చులో నిలబెట్టే సైకిల్ పుల్ల, ఇవన్నీ మంట దగ్గర వెచ్చబడ్డాకే సీసాన్ని తాకాలి. ఒలికిన సీసం సిమెంటు గచ్చు మీద పడితే గచ్చులోని తేమ పొక్కి పెచ్చు ఎగురుతుంది. కింద ఇసుక పోసుకోండి, ఎండిన ఇసుక. నుదుటి చెమటకు గుడ్డ కట్టుకోండి.

బాలానగర్‌లో పోత పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక జనవరి పొద్దున షెడ్డు తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతున్న ఇనుప గరిటెను తీసుకుని తిన్నగా మూకుడులో ముంచాను. రాత్రి మంచుకు గరిటె వీపు మీద కంటికి ఆనని చెమ్మ పట్టి ఉంది. పటుక్కుమన్న శబ్దం ఒక్కటే గుర్తుంది. చొక్కా చెయ్యి మడిచి ఉండటంతో ముంజేతి మీద ఏడు చోట్ల సీసపు పొలుసులు అంటుకున్నాయి, మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కళ్లద్దాలు నావి కావు, పక్కవాడివి అడిగి పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి గరిటెను మూకుడు అంచు మీదే పడుకోబెడతాను. కనుక చుక్కలు వేసి చూసిన ఆ పాఠకుడు దయచేసి ఇంకోసారి ఆ పని చేయవద్దు.

గుండు మీద కనిపించే ప్రతి లోపమూ తడి వల్ల వచ్చినది కాదు. గొంతు దగ్గర ఒకే ఒక గిన్నెలాంటి గుంట పడితే అది సీసం గడ్డకడుతూ కుంచించుకుపోవడం వల్ల వచ్చినది. గొంతు మీద చిన్న మడుగు నిలిచేలా ఇంకొంచెం పోస్తే సరిపోతుంది. ముడతలు పడితే అచ్చు చల్లగా ఉందని అర్థం. అచ్చు గోడను తాకిన వైపంతా చిన్న చిన్న తూట్లు ఉంటేనే తడి.

మూకుడు వేడిని దూరం నుంచి కొలిచే తుపాకీలాంటి థర్మామీటరుతో చూశాననీ, 210 డిగ్రీలే చూపిందనీ ఒకరు రాశారు. సీసం కరిగి ఉన్నదంటే 327కు తక్కువ ఉండే వీలే లేదు. అద్దంలా మెరిసే లోహం ఉపరితలం వేడిని సరిగా వెలువరించదు, అందుకే ఆ పరికరం తక్కువ చూపుతుంది. ఆ అంకెను నమ్మి ఆయన మంట పెంచుతూ పోయారట. ఎక్కువ వేడి అంటే ఎక్కువ పొగ, ఎక్కువ మడ్డి. లోహంలో ముంచే తీగ థర్మామీటరు కొనుక్కోండి, 400 దాటనివ్వకండి.

యాభై గ్రాముల అచ్చులో 42 గ్రాములే తూగుతోందన్న వారికి ఒక ముక్క. లోపల డొల్ల లేకపోతే మీ సీసంలో జింకు కలిసి ఉండవచ్చు. సీసం సాంద్రత 11.34, జింకుది 7.14. బండి చక్రాలకు కొట్టే తూకపు బిళ్లలు ఇప్పుడు అన్నీ సీసానివి కావు. కటింగ్ ప్లయరుతో నొక్కితే మెత్తగా దిగబడేది సీసం, దిగబడనిదాన్ని పక్కన పడేయండి. పది గ్రాముల గుండ్ల అచ్చు కావాలని అడిగినవారికి మాత్రం నేను చెప్పను. రాలిపోయిన చిన్న గుండ్లను నీటిపక్షులు గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోతున్నాయనే 28.35 గ్రాముల లోపు సీసపు గాలపు గుండ్లను బ్రిటన్‌లో 1987లో నిషేధించారు. గండిపేటలోనూ హిమాయత్‌సాగర్‌లోనూ కొంగలు, బాతులు మనకూ ఉన్నాయి. ఈ వరసలో 30 గ్రాములకు తక్కువ అచ్చు ఉండదు.

అభ్యాసం. ఈ వారం పొయ్యి వెలిగించకండి. ఒకే పెట్టెలో మూడు దిమ్మలు పోయండి: ఒక్కొక్కదానికి 500 గ్రాముల పొడి, నీరు మాత్రం 300, 350, 400 గ్రాములు. ప్రతి దిమ్మకూ తూకం ఎంతకు దిగాలో ముందే లెక్క కట్టి దాని వీపు మీద రాయండి, 0.7 అనే అంకె 350కే చెల్లుతుంది, మిగిలిన రెండింటికీ ఎంతో 93 గ్రాముల లెక్క నుంచి మీరే రాబట్టుకోవాలి. పది రోజులపాటు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తూచి, ముసురు రోజునూ ఎండ రోజునూ గుర్తుపెట్టి పట్టిక రాయండి. వరసగా మూడు తూకాలు ఒకే అంకె చూపి, ఆ అంకె మీరు ముందే రాసిన అంకెకు ఐదారు గ్రాముల లోపు ఉంటే ఆ దిమ్మ ఓవెన్‌కు సిద్ధమైనట్టు. పట్టిక పూర్తయినవారు గుంట తొలిచిన అచ్చులో ముందుగా కరిగించిన కొవ్వొత్తి మైనం పోసి, గాలి దారులు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. ఆ మైనాన్ని పూర్తిగా గీకి తీశాకే కాల్చాలి. కొక్కెపు తీగకు స్టెయిన్‌లెస్ తీగ, ఒకటిన్నర మిల్లీమీటరుది, వచ్చే పాఠంలోపు తెచ్చి ఉంచుకోండి. రాణిగంజ్‌లో అయితే మీటర్ల లెక్కన కోసి ఇస్తారు.