నావిగేషన్ డిస్‌ప్లేలో జయపురం గుర్తు రాకపోతే (నా అనుభవం)

ఒడిశా జయపురంలో ఇంటి విమాన సిమ్యులేటర్‌ మీద బోయింగ్ 737. విశాఖలో లేచి వాయవ్యానికి తిరిగినా మ్యాప్‌లో మన ఊరి విమానాశ్రయం లేదు. లోపం మూడు చోట్ల దొరికింది.

మోడ్ ముందు చూడండి. వీఓఆర్ (రేడియో కేంద్రాన్ని బట్టి దారి చూపేది), అప్రోచ్ (దిగేటప్పుడు వాడేది) మోడ్‌లలో విమానాశ్రయాల గుర్తులు రావు. నాబ్ మ్యాప్‌కి తిప్పి, ఈఫిస్ ప్యానెల్‌లో (ఈ డిస్‌ప్లేని నియంత్రించే బటన్ల పలక) ఏఆర్‌పీటీ (ఎయిర్‌పోర్ట్) బటన్ నొక్కాలి. సయాన్ రంగు వలయం, పక్కన నాలుగక్షరాల ఐకావో కోడ్ (విమానాశ్రయానికి అంతర్జాతీయ గుర్తింపు) వస్తాయి. రన్‌వే ఎంచుకున్న గమ్యానికి మాత్రం తెల్లటి రన్‌వే బొమ్మ వస్తుంది, దానికి వలయం కోసం వెతక్కండి.

తర్వాత రేంజ్. విశాఖ నుంచి జయపురం సుమారు 80 నాటికల్ మైళ్లు. సెంటర్ మ్యాప్‌లో (విమానం తెర మధ్యలో ఉండేది) 80 పెడితే ముందుకు 40 మైళ్లే కనిపిస్తాయి. 160 పెట్టాలి.

అసలు చిక్కు డేటాబేస్‌ది. ఎఫ్‌ఎంసీ (విమానపు దారి లెక్కలు చూసే కంప్యూటర్) నావ్ డేటా పేజీలో జయపురం కోడ్ వీఈజేపీ కొడితే 'నాట్ ఇన్ డేటా బేస్' అని వచ్చింది. ఈ డేటా 28 రోజులకోసారి మారుతుంది. ఐడెంట్ పేజీలో తేదీలుంటాయి, నాది బాగా పాతది. కొత్తది ఎక్కించి సిమ్యులేటర్ మూసి తెరిస్తే వలయం వచ్చింది. కొన్ని డేటాబేస్‌లలో పొట్టి రన్‌వేలు కావాలనే వదిలేస్తారు, కాబట్టి కొనేముందు కోడ్ వెతికి చూడండి.

ఎయిర్‌బస్ ఏ320లో గుర్తు వేరు, మెజెంటా నక్షత్రం. అక్కడ ఎన్‌డీబీ (ఒక రకం రేడియో కేంద్రాలను చూపే బటన్) నొక్కగానే ఏఆర్‌పీటీ ఆరిపోతుంది. రెండూ ఒకేసారి కుదరవు.