నర్సింగ్ పరిశోధన నేర్చుకుందాం – 4వ పాఠం: ఏం కొలవాలి, దేనితో కొలవాలి?

గత పాఠం చివరికి మన చేతిలో రెండు ప్రశ్నలున్నాయి. ఇంట్లో 8 వారాలపాటు నిలకడ వ్యాయామాలు చేయిస్తే బస్తీలోని పెద్దవాళ్లు పడిపోవడం తగ్గుతుందా అన్నది ఒకటి. చేతుల శుభ్రత గురించి బడిలో నేర్పితే 6, 7 తరగతుల పిల్లలు మధ్యాహ్న భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటారా అన్నది రెండోది. ఎవరిని తీసుకుంటాం, ఏం చేస్తాం, ఎవరితో పోలుస్తాం, ఏ ఫలితం చూస్తాం అని నాలుగు గడులు గీసి నింపారు కదా. ఈ పాఠమంతా ఆ నాలుగో గడి గురించే.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే రోజుల్లో పాతబస్తీలోని ఒక బడిలో నేను చేసిన పరిశోధన సరిగ్గా ఈ రెండో ప్రశ్న లాంటిదే. 30 ప్రశ్నల కాగితం ఇచ్చి మార్కులు వేశాను. చార్టులు పెట్టి 40 నిమిషాలు పాఠం చెప్పాను. ఏడో రోజున అదే కాగితం మళ్లీ ఇచ్చాను. మార్కులు బాగా పెరిగాయి, లెక్కల్లోనూ తేడా గట్టిగా నిలబడింది. ఆఖరి రోజు థ్యాంక్స్ చెప్పడానికి వెళ్లి భోజనం గంట కొట్టేదాకా ఆగాను. పిల్లలు పళ్లేలు పట్టుకుని నల్లా దగ్గరికి పరుగెత్తారు, వేళ్లు తడిపి వరసలో నిలబడ్డారు. అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న అమ్మాయి కూడా అంతే. "సబ్బేది తల్లీ?" అని అడిగితే "సబ్బు బీరువాల ఉంటది మేడమ్, పోతదని పెట్టిన్రు" అంది. ఆ పిల్లకు అన్నీ తెలుసు. చేయడానికి చేతిలో ఏమీ లేదు. నా డిజర్టేషన్‌లో, అంటే కోర్సు చివర రాసే పరిశోధన పుస్తకంలో, ఈ సంగతి రాయడానికి చోటే లేకపోయింది, ఎందుకంటే దాన్ని కొలిచే గడి నేను గీసుకోలేదు.

మన కాలేజీల లైబ్రరీల్లో పాత డిజర్టేషన్ల వీపులు చదువుతూ పోతే "ఫలానా విషయంపై జ్ఞానం మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం" అన్న శీర్షిక ఎన్నిసార్లు కనబడుతుందో మీరే లెక్కపెట్టండి. విద్యార్థుల తప్పని నేననను. రెండేళ్ల కోర్సులో పోస్టింగులు, పరీక్షలు పోగా మిగిలే వారాల్లో కాగితం మీద తేలిగ్గా కొలవగలిగేది జ్ఞానం ఒక్కటే. కానీ అదే కాగితం వారానికే మళ్లీ ఇస్తే మార్కులు పెరగడంలో మీ పాఠం పాలెంత, ప్రశ్నలు గుర్తుండిపోవడం పాలెంత అన్నది విడదీయలేరు. ఆ కాగితం రాయడమే ఒక పాఠమవుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక షరతు పెడతాను: మొదటి ఫలితం మనిషి చేసే పనో, ఒంటి సామర్థ్యమో అయి ఉండాలి. జ్ఞానం మార్కులు కావాలంటే రెండో ఫలితంగా ఉంచుకోండి.

నోలా పెండర్ 1982లో ప్రతిపాదించిన ఆరోగ్య ప్రోత్సాహక నమూనా మీకు తెలిసే ఉంటుంది, సినాప్సిస్‌లో (పరిశోధన మొదలుపెట్టే ముందు ఇచ్చే ప్రతిపాదనలో) ఆ డబ్బాల బొమ్మ గీయని వాళ్లు తక్కువ. అందులో ఒక పని వల్ల లాభం కనబడటం, అడ్డంకులు కనబడటం, 'నేను చేయగలను' అన్న నమ్మకం వేర్వేరు డబ్బాల్లో ఉంటాయి. బొమ్మ గీసి ఆ అడ్డంకుల డబ్బాను కొలవకుండా వదిలేస్తే బీరువాలోని సబ్బు మీకు ఎప్పటికీ కనబడదు. నల్లాలు ఎన్ని, వాటిలో నీళ్లొచ్చేవి ఎన్ని, గంట కొట్టిన సమయానికి సబ్బు అక్కడ ఉందా అని చూసి రాయడానికి రోజుకు 5 నిమిషాలు చాలు.

ఇప్పుడు పెద్దవాళ్ల దగ్గరికి వద్దాం. 'పడిపోవడం' అంటే ఏమిటి? అందరికీ తెలిసిన మాటే కదా అనిపిస్తుంది. బస్తీలో అడిగి చూడండి.

"అవ్వా, ఈ ఏడాదిల ఎప్పుడన్న కిందపడ్డవా?"

"లేదు బిడ్డా, పడలె."

కాగితం మీద 'లేదు' అని రాసుకుని లేవబోతుంటే ఆమే మళ్లీ అంటుంది: "మొన్న బాత్రూంల కాలు జారింది గని, నల్లా పట్టుకొని కూలబడ్డ. దెబ్బేం తగల్లె."

ఆమె లెక్కలో అది జారడమే, పడటం కాదు. దెబ్బ తగిలితేనే పడ్డట్టు. పడ్డానని చెబితే కొడుకు ఒంటరిగా బయటికి పోనివ్వడన్న భయం కూడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇక్కడ మనకు పనికొస్తుంది: మనిషి అనుకోకుండా నేల మీదికో, తానున్న చోటు కంటే కిందికో చేరితే అది పడటమే. దెబ్బ ప్రసక్తి అందులో లేదు. దీన్ని అలాగే అనువదించి అడిగితే అవ్వకు అర్థం కాదు. "జారి గని, తట్టుకొని గని, కండ్లు తిరిగి గని, ఎట్లన్న సరే, అనుకోకుంట కింద కూలబడ్డవా?" అని అడగండి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఇదే ప్రశ్నను అక్కడి మనిషితోనే ఉర్దూలో రాయించండి, మీ నోటి అనువాదం వద్దు. తర్వాత ఆ ఉర్దూ ప్రశ్నను అసలు కాగితం చూడని ఇంకొకరితో తిరిగి తెలుగులోకి చెప్పించుకుంటే ఎక్కడ మాట జారిందో తెలిసిపోతుంది.

ఏడాది వెనక్కి గుర్తు తెచ్చుకోమంటే చాలా పడటాలు మరుగున పడతాయి. గోడ క్యాలెండర్ ఇంతకంటే మేలు. పడిన రోజు చుట్టూ సున్నా చుట్టమని చెప్పి, నెలకోసారి వెళ్లి చూసుకోండి. రాయడం రాని వాళ్లకూ సున్నా చుట్టడం వస్తుంది.

ఇంకో చిక్కుంది. 8 వారాల్లో, మీరు తీసుకోగలిగే 40, 50 మందిలో పడేవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఆ కాసిన్ని సంఖ్యల మీద వ్యాయామం పనిచేసిందో లేదో చెప్పలేం. అందుకే ప్రతి ఒక్కరిలోనూ కొలవగలిగే సామర్థ్యం ఒకటి కావాలి. 1991లో పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ ప్రచురించిన 'టైమ్డ్ అప్ అండ్ గో' పరీక్ష ఇందుకు బాగా సరిపోతుంది. కావలసినవి చేతులున్న కుర్చీ, టేపు, నేల మీద గీత గీయడానికి సుద్దముక్క, ఫోన్‌లో స్టాప్‌వాచ్.

కుర్చీ సీటు ఎత్తు 46 సెంటీమీటర్ల దగ్గర్లో ఉండాలి. ఇది చిన్న విషయం కాదు. ఒక ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో, ఇంకో ఇంట్లో మంచం అంచున కూర్చోబెట్టి కొలిస్తే మీరు కొలిచింది ఫర్నిచర్‌ని. ఒకే కుర్చీ ఆటోలో వేసుకుని ఇల్లిల్లూ తిరగండి, లేదా బస్తీ దవాఖానాలో అనుమతి తీసుకుని అందరినీ ఒకే చోటికి పిలవండి. కుర్చీ నుంచి 3 మీటర్ల దూరంలో గీత గీయండి. రోజూ వేసుకునే చెప్పులతోనే, రోజూ కర్ర పట్టుకునేవాళ్లయితే కర్రతోనే చేయించాలి. వీపు ఆనించి కూర్చున్న మనిషికి "నేను 'ఇగ నడువు' అన్నాక లేచి, ఎప్పుడూ నడిచినట్టే గీత దాకా పోయి, తిరిగొచ్చి కూర్చో" అని చెప్పండి. ఆ మాట అన్న క్షణంలో వాచ్ మొదలవ్వాలి, మళ్లీ కూర్చోగానే ఆగాలి. మొదటిసారిది అలవాటు కోసం, లెక్కలోకి రాదు. మీరు పక్కనే, చేయి అందేంత దూరంలో నడవాలి. పడటం గురించి పరిశోధన చేస్తూ మన చేతిలో ఒకరు పడకూడదు.

12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క. ఈ ఒక్క అంకె మీద ఒకరి భవిష్యత్తు తేల్చేయకండి. కంటిచూపు, నిద్రమాత్రలు, బీపీ మందులు, తడి గచ్చు, ఇవన్నీ మనిషిని పడేసేవే, వాటిలో చాలావాటిని ఈ పరీక్ష చూడలేదు. మీ ఫలితాల్లో సమయం 16 సెకన్ల నుంచి 13కి తగ్గితే అంతవరకే రాయండి. "పడిపోవడం తగ్గింది" అని రాయడానికి క్యాలెండర్లోని సున్నాలు చూపించాలి.

ఇక పిల్లల చేతులు. ఇక్కడ పరికరం మనిషి కన్నే, కాబట్టి ఆ కన్నునే ముందు పరీక్షించాలి. 40 మంది పిల్లల్ని ఇద్దరు సిస్టర్లు ఒకేసారి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా గమనించారనుకుందాం. 'సబ్బుతో కడిగారు' అని ఇద్దరూ రాసింది 18 మందికి. 'కడగలేదు' అని ఇద్దరూ రాసింది 14 మందికి. మొదటి సిస్టర్ అవునంటే రెండో సిస్టర్ కాదన్నవి 5, మొదటి సిస్టర్ కాదంటే రెండో సిస్టర్ అవునన్నవి 3. ఒప్పందం 40లో 32, అంటే 80 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా కొన్ని కలుస్తాయి కదా, ఆ అదృష్టాన్ని తీసేయాలి. 1960లో జాకబ్ కోహెన్ చూపిన పద్ధతి ఇది. మొదటి సిస్టర్ అవునన్నది మొత్తం 23, రెండో సిస్టర్‌వి 21. కాదన్నవి 17, 19. 23ను 21తో గుణిస్తే 483, 17ను 19తో గుణిస్తే 323, కలిపితే 806. దాన్ని 40 వర్గంతో, అంటే 1600తో భాగిస్తే సుమారు 0.50. ఊరికే కలిసే వాటా అంత. ఇప్పుడు 0.80 నుంచి 0.50 తీసేసి, వచ్చిన 0.30ని, 1 నుంచి 0.50 తీస్తే మిగిలిన 0.50తో భాగించండి. 0.60 వస్తుంది. దీన్నే కప్పా అంటారు. మధ్యస్థం అంతే. 0.75 దాటేదాకా నేను డేటా మొదలుపెట్టనివ్వను.

దాన్ని పెంచడానికి ఆ 8 మంది దగ్గర కూర్చోండి. ఎక్కడ తేడా వచ్చిందని మాట్లాడుకుంటే, సబ్బు ముట్టుకుని రుద్దకుండా కడిగేసిన పిల్లాడిని ఒకరు 'అవును'లో వేశారని బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతికి మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఆకలితో వరసలో ఉన్న పిల్లల దగ్గర ఆ గీటురాయి పెడితే అందరూ 'కాదు'లోకే వెళ్తారు. "సబ్బు తీసుకుని, రెండు అరచేతులూ వేళ్ల సందులూ రుద్ది, నీళ్లతో కడిగితే అవును" అని మీ బడికి మీరు రాసుకుని, ముందే కొద్దిమంది మీద పైలట్‌గా వాడి చూసి, ఆ వాక్యం కాగితం పైన అచ్చు వేయించండి.

తెల్లకోటు వేసుకుని నల్లా పక్కన నిలబడితే పిల్లలందరూ కడుగుతారు. గమనిస్తున్నారని తెలిస్తే మనిషి నడత మారడాన్ని హాథార్న్ ప్రభావం అంటారు, షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన అధ్యయనాల వల్ల వచ్చిన పేరు. మామూలు బట్టల్లో నాలుగైదు రోజులు ఊరికే వెళ్లి కూర్చోండి, అలవాటు పడ్డాకే లెక్క మొదలుపెట్టండి. దీనికి తోడుగా సబ్బును తూచే పద్ధతి ఉంది, నాకది చాలా ఇష్టం. సోమవారం కొత్త సబ్బు తూకం రాసుకుని, శుక్రవారం సాయంత్రం తీసుకెళ్లి, రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ తూచండి. తడి సబ్బు ఎక్కువ బరువు చూపిస్తుంది, అందుకే ఆరాలి. ఏ పిల్ల కడిగిందో అది చెప్పదు. బడి మొత్తం మీద సబ్బు అరిగిందో లేదో చెబుతుంది.

పోల్చడానికి రెండో గుంపు గురించి ఒక్క మాట. 7-ఎ వాళ్లకు నేర్పి 7-బి వాళ్లను వదిలేస్తే, ఆటల పీరియడ్‌లో 7-ఎ పిల్లలే మిగతావాళ్లకు నేర్పేస్తారు. రెండు వేర్వేరు బడులు తీసుకోండి. పరిశోధన అయ్యాక రెండో బడికి కూడా వెళ్లి అదే పాఠం చెప్పి రండి, వాళ్లు మీకు బాకీ లేరు.

కాలాన్ని కూడా చూసుకోండి. మేలో ఎండలకు నీరసపడిన తాతను ఒకసారి, జులై చల్లదనంలో ఇంకోసారి కొలిస్తే తేడా మీ వ్యాయామానిదని చెప్పలేం. రంజాన్ నెలలో భోజనం, మందుల వేళలు మారతాయి. బడుల్లో దసరా సెలవులు, పరీక్షల వారాలు తప్పించండి. మొదటి కొలత ఉదయం 10కి తీస్తే రెండోదీ ఉదయం 10కే.

ఇక అభ్యాసం. బడికి ఇప్పుడే వెళ్లవద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వాళ్లది నోటిమాటగా, 12 నుంచి 18 వాళ్లది రాతపూర్వకంగా తీసుకోవాలి. 6, 7 తరగతులు సరిగ్గా ఆ గీత మీదే ఉంటాయి, కాబట్టి మీకు రెండు రకాల పత్రాలూ అవసరం. ఆ పని ఆరో పాఠంలో.

ఈ వారం ఇంట్లో, మీ అపార్ట్‌మెంట్‌లో 60 దాటిన వాళ్లు ముగ్గురిని అడిగి ఒప్పించండి. నానమ్మ, పక్క ఫ్లాట్ అంకుల్, ఎవరైనా సరే. ముగ్గురికీ ఒకే కుర్చీలో 'టైమ్డ్ అప్ అండ్ గో' పరీక్ష చేయండి. మీతోపాటు తమ్ముడినో స్నేహితురాలినో ఇంకో ఫోన్‌తో నిలబెట్టి, ఇద్దరి సమయాలూ విడిగా రాయండి. రెండు రోజుల తర్వాత అదే వేళకు మళ్లీ కొలవండి. మొత్తం 12 అంకెలు వస్తాయి. ఒకే నడకకు ఇద్దరి అంకెల మధ్య అర సెకను మించి తేడా వస్తే, వాచ్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో మాట్లాడుకుని మళ్లీ చేయండి.

కళ్లద్దాలున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే రెండో అభ్యాసం. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాల్లో వచ్చినవైనా, కొన్నవైనా సరే. "అద్దాలు వాడుతున్నారా?" అని అడిగి జవాబు రాయండి. తర్వాత మూడు రోజులు, ఏమీ చెప్పకుండా, రోజుకు నాలుగుసార్లు చూసి అద్దాలు ముఖం మీద ఉన్నాయా, జేబులో ఉన్నాయా, దేవుడి గూట్లో ఉన్నాయా అని గుర్తు పెట్టండి. మూడో రోజు సాయంత్రం వాళ్లకు ఆ కాగితం చూపించి, మీరేం చేశారో చెప్పి, ఎందుకు వాడటం లేదో అడగండి. వాళ్లన్న మాటలు మార్చకుండా అలాగే రాయండి.

ఆ 12 అంకెల కాగితం భద్రంగా పెట్టుకోండి. 5వ పాఠంలో ఎంతమందిని తీసుకోవాలో లెక్క వేసేటప్పుడు ముందు దాన్నే తీస్తాం.