లోహ విషమేనా? లక్షణం నుంచి మూలం దాకా

సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం. ఒంట్లో ఇవి పేరుకుంటే మొదట కనిపించేవి కడుపునొప్పి, నీరసం, చిరాకు, తిమ్మిర్లు. వంద జబ్బుల్లో ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి లోహం మీదికి ఎవరి అనుమానమూ వెళ్లదు. అందుకే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి: ఏ పని చేస్తున్నారు, ఏ నీళ్లు తాగుతున్నారు, ఇంట్లో ఈ మధ్య ఏ రంగు గీకారు, ఏ లోహం కరిగించారు. ఒకే ఇంట్లోనో ఒకే పనిచోటో ఇద్దరు ముగ్గురికి ఇలాంటి బాధలే ఉంటే అనుమానం బలపడాల్సిందే.

సమస్య: తెరలు తెరలుగా కడుపునొప్పి, మలబద్ధకం, మందులకు లొంగని రక్తహీనత. పిల్లల్లోనైతే చదువులో వెనకబాటు, నిలకడ లేకపోవడం.

కారణం: సీసం కావచ్చు. పాత గోడల పెయింటు పొడి, బ్యాటరీలు విడగొట్టే పని, సీసపు పైపులు, సరిగా కాల్చని మెరుగు పూత ఉన్న మట్టి పాత్రలు దీనికి పేరుమోసిన దారులు. చిన్న పిల్లల పేగులు పెద్దవాళ్లకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటాయి. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. చాలాకాలం సీసంలో పనిచేసినవారి చిగుళ్ల అంచున కొన్నిసార్లు సన్నటి నీలి గీత కనిపిస్తుంది. గీత లేనంత మాత్రాన సీసం లేనట్టు కాదు.

పరిష్కారం: రక్తంలో సీసం పరీక్ష. వేలి చివర గుచ్చి తీసిన చుక్కలో చర్మం మీది ధూళి కలిసే వీలుంది కనుక, ఎక్కువ వచ్చిందంటే సిర నుంచి తీసిన రక్తంతో నిర్ధారించుకోవాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే మూలాన్ని వెతికి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సురక్షితమని చెప్పదగ్గ స్థాయి ఏదీ లేదు. పాత పెయింటును పొడిగా గీకకండి, పొడిగా ఊడ్వకండి. తడి గుడ్డతో తుడవండి. పని బట్టలు, చెప్పులు పనిచోటే వదిలి రండి. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది. ఎముకల్లో చేరినది దశాబ్దాలు ఉండిపోయి, గర్భధారణ వేళ మళ్లీ రక్తంలోకి దిగుతుంది.

సమస్య: చేతుల వణుకు, బిడియం, చిరాకు, నిద్రలేమి. లేదా వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిర్లు, చూపు పక్కల నుంచి కుంచించుకుపోవడం.

కారణం: రెండూ పాదరసమే, రూపాలు వేరు. మొదటి వరుస ఎక్కువగా ఆవిరి పీల్చడం వల్ల, రెండోది మిథైల్ మెర్క్యురీ అనే పాదరస రూపం ఉన్న చేపలవల్ల. జపాన్‌లోని మినమాటాలో 1956లో అధికారికంగా గుర్తించిన జబ్బు ఈ రెండోదే. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన సముద్రపు చేపలు తిన్న పిల్లులు అక్కడ మూర్ఛలతో గిరగిరా తిరిగి చనిపోయాయి.

పరిష్కారం: ఆవిరి అనుమానమైతే మూత్ర పరీక్ష, చేపల అనుమానమైతే రక్త పరీక్ష. తారుమారైతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. పెద్ద వేటచేపలు మాని చిన్న చేపలు తినండి. థర్మామీటరు పగిలితే పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరవండి. చీపురు పడితే పాదరసం గుండ్లు ఇంకా చిన్నవిగా చితుకుతాయి. వాక్యూమ్ క్లీనర్ పెడితే గదంతా ఆవిరి. దళసరి కాగితంతో గుండ్లను ఒకచోటికి నెట్టి, అతుకు టేపుతో మిగతావి ఎత్తి, మూత గట్టిగా ఉండే సీసాలో వేసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి.

సమస్య: అరచేతులు, అరికాళ్లలో గట్టి బుడిపెలు, ఛాతీ, వీపు మీద చినుకులు పడ్డట్టు మచ్చలు.

కారణం: ఏళ్ల తరబడి ఆర్సెనిక్ ఉన్న బోరు నీళ్లు. రసాయన లెక్కలో ఇది అర్ధలోహం, విషంలో మాత్రం దేనికీ తీసిపోదు. రంగు, రుచి, వాసన ఉండవు. బంగ్లాదేశ్‌లో కలుషిత చెరువు నీళ్లకు బదులుగా తవ్విన లక్షలాది గొట్టపు బావులు ఈ విషాన్నే పైకి తోడాయి.

పరిష్కారం: నీళ్లు పరీక్ష చేయించండి, లీటరుకు 10 మైక్రోగ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. నీటి వనరు మార్చుకోవడం అన్నిటికన్నా మేలు, కుదరకపోతే దీనికోసమే పరీక్షించిన ఫిల్టరు. ఒంట్లో ఎంతుందో మూత్ర పరీక్షలో తెలుస్తుంది, కానీ ముందు మూడు నాలుగు రోజులు సముద్ర ఆహారం తినకూడదు. అందులోని హానిలేని ఆర్సెనిక్ అంకెను పెంచేస్తుంది.

సమస్య: మూత్రంలో ప్రోటీన్, ఎముకల నొప్పి, చిన్న దెబ్బకే ఎముక విరగడం.

కారణం, పరిష్కారం: ఇతర కారణాలు లేవని తేలితే కాడ్మియం చూడాలి. పొగాకు దీనికి పెద్ద దారి. మూత్రపిండాల్లో 10 నుంచి 30 ఏళ్లు తిష్ఠ వేస్తుంది, బయటికి లాగే నమ్మకమైన మందు లేదు. పొగ మానడం, కాడ్మియం పొగలున్న పని వదలడమే దారి.

ఇక చెలేషన్. లోహాన్ని పట్టి మూత్రంలోకి పంపే ఈ మందులు ప్రాణం నిలిపేవే, కానీ పిల్లల్లో సీసానికి సాధారణంగా రక్తంలో డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు దాటాకే వాడతారు. మూలం ఇంట్లోనే ఉండగా మందిస్తే ఒంట్లోకి ఇంకా సీసం ఎక్కవచ్చు. ముందు మందు ఇచ్చి, తర్వాత మూత్రం పరీక్షించి "విషం ఉంది" అని భయపెట్టే చోట ఆగకండి. ఆ మందు ఇస్తే ఆరోగ్యవంతుల మూత్రంలోనూ లోహం పెరుగుతుంది. ఒక మందుకు బదులు దాని పేరును పోలిన మరొకటి ఎక్కించడంతో రక్తంలో కాల్షియం పడిపోయి పిల్లలు చనిపోయిన ఘటనలున్నాయి.

సమస్య: నేలలోనే లోహం.

పరిష్కారం: ఏ లోహమో తేలకముందే ఏదీ చల్లకండి. ఫాస్ఫేటు సీసాన్ని నేలలో కట్టిపడేస్తుంది, అదే ఫాస్ఫేటు ఆర్సెనిక్‌ను వదులు చేసి వేర్లకు అందిస్తుంది. ఆమ్ల నేలకు సున్నం వేస్తే కాడ్మియం మొక్కల్లోకి ఎక్కడం తగ్గుతుంది. ఇంటి పెరడైతే శుభ్రమైన మట్టితో ఎత్తు మడులు కట్టి, ఆకుకూరలు, దుంపలు పండించడం మాత్రం పాత నేలలో ఆపేయండి.