పికప్‌తో ట్రైలర్ లాగడం, 4వ పాఠం: ఇంజన్ ఆయిల్ ఎంత వేడెక్కితే మామూలు?

హిచ్, బరువు పంపకం గత పాఠాల్లో అయ్యాయి. ఇక బండి కదిలాక మీటర్ల సంగతి. అభ్యాసానికి అమెరికాలో 2003–2007 మోడళ్లలో వచ్చిన ఫోర్డ్ సూపర్ డ్యూటీ తీసుకుందాం: ఎఫ్-250 గానీ, ఎఫ్-350 గానీ, 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్‌తో. ఆయిల్ వేడిని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఈ ఇంజన్ చాలామందికి ఖరీదుగానే నేర్పింది. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే ఇస్తున్నాం, ఆ బండ్ల లెక్కలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి.

ఖాళీ బండి చదునైన హైవే మీద పోతుంటే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) 190–200, ఆయిల్ 195–210 మధ్య ఉంటాయి. ట్రైలర్ తగిలిస్తే ఆయిల్ 210–225కి చేరుతుంది. ఎండాకాలంలో పొడవాటి ఘాట్ ఎక్కేటప్పుడు 230 తాకినా కంగారు అక్కర్లేదు, కొండ దాటిన కొన్ని నిమిషాల్లో దిగిరావాలి, అంతే. 240కి వస్తే వేగం తగ్గించండి. 250 దగ్గరపడితే పక్కకు తీసి ఆపాల్సిందే. ఆ వేడిలో మామూలు మినరల్ ఆయిల్ త్వరగా పాడవుతుంది. స్థూలంగా ప్రతి 18 డిగ్రీల పెరుగుదలకు ఆయిల్ ఆక్సీకరణ వేగం రెట్టింపవుతుందని లెక్క. మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు. ఎప్పుడూ 180 దాటని చిన్న ట్రిప్పులే తిరిగితే తేమ, డీజిల్ ఆవిరైపోక ఆయిల్‌లోనే ఉండిపోతాయి.

అయితే ఒక్క ఆయిల్ అంకె చూసి తీర్పు చెప్పకండి. ఆయిల్ 225, కూలెంట్ 216 ఉన్న బండి ఆరోగ్యంగానే ఉంది. ఆయిల్ 212 మాత్రమే ఉన్నా కూలెంట్ 191 దగ్గరే నిలిచిన బండికి జబ్బు మొదలైంది. చూడాల్సింది ఆ రెండింటి తేడా.

కారణం ఈ ఇంజన్ నిర్మాణంలో ఉంది. ఆయిల్‌ను చల్లబరిచేది ముందు గాలి తగిలే రేడియేటర్ కాదు. రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో, ఆయిల్ ఫిల్టర్ కింద ఉండే పలకల కూలర్. ఒక పక్క ఆయిల్, మరో పక్క కూలెంట్ పారతాయి. శుభ్రంగా ఉన్నప్పుడు తేడా 5–10 డిగ్రీలే. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు 15 దాటితే కూలర్ మార్చాలన్నది ఫోర్డ్ పెట్టిన హద్దు. పోత పోసినప్పుడు బ్లాకులో మిగిలిన ఇసుక, కూలెంట్‌లోంచి విడిపోయిన సిలికేట్ (తుప్పు పట్టకుండా అందులో కలిపే పదార్థం) జిగురు కలిసి ఆ సన్నని దారుల్ని మూసేస్తాయి.

నష్టం అక్కడితో ఆగదు. ఆయిల్ కూలర్ దాటిన కూలెంటే ఈజీఆర్ కూలర్‌కి (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ముందు చల్లబరిచేది) వెళ్తుంది. ప్రవాహం తగ్గితే అక్కడ కూలెంట్ మరిగి, ఆ కూలర్ పగిలి, కూలెంట్ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలోకి చేరుతుంది. తెల్లపొగ, కూలెంట్ ట్యాంకు మూత దగ్గర కారిన మరకలు, చివరికి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోవడం. వరుస దాదాపు ఇలాగే ఉంటుంది.

డ్యాష్‌బోర్డు ముల్లును నమ్ముకోకండి. అది కూలెంట్‌ది, పైగా చాలా డిగ్రీల మేర మధ్యలోనే కదలకుండా ఉంటుంది. స్టీరింగ్ కింది ఓబీడీ-2 పోర్టుకి (బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) ఫోర్‌స్కాన్ అనే ఫోర్డ్ బండ్ల యాప్ నడిచే అడాప్టర్ గానీ, స్కాన్‌గేజ్ లాంటి మీటర్ గానీ తగిలించి ఈసీటీ (కూలెంట్), ఈఓటీ (ఆయిల్) రెండూ పక్కపక్కన పెట్టుకోండి. మామూలు ఓబీడీ యాప్‌లో ఈఓటీ కనబడకపోతే ఫోర్డ్ ప్రత్యేక పీఐడీలు (ఒక్కో కొలతను అడిగే కోడ్‌లు) జోడించాలి. యాప్ సెల్సియస్‌లో ఉంటే హద్దు సుమారు 8 డిగ్రీలు. తేడాను మార్చేటప్పుడు 32 తీసేయకూడదు, 9తో భాగించి 5తో గుణిస్తే చాలు.

ముందు సెన్సర్లను పరీక్షించండి. రాత్రంతా ఆగిన బండిలో, పొద్దున స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూస్తే రెండూ కొద్ది డిగ్రీల తేడాలో ఒకటే చెప్పాలి. లేదంటే సెన్సర్ సంగతి తేల్చుకున్నాకే మిగతాది. తర్వాత ట్రైలర్ లేకుండా అరగంట నడిపి, చదును రోడ్డు మీద గంటకు 65 మైళ్ల దగ్గర క్రూయిజ్ పెట్టి, పది నిమిషాల తర్వాత రెండు అంకెలూ రాసుకోండి. ట్రైలర్‌తో మళ్లీ అదే రోడ్డు మీద చేయండి. బండి వేడెక్కే దశలో కొలతలు పనికిరావు, అప్పుడు కూలెంట్ ముందుంటుంది, ఆయిల్ వెనకబడుతుంది. కూలెంట్ 180 కూడా చేరకపోతే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. దాన్ని మార్చకుండా తేడా కొలిస్తే కూలర్ మీద లేనిపోని నింద పడుతుంది.

ఘాట్ మీద తేడా 18–20కి పోయినా తీర్పు చెప్పొద్దు. చదునుకొచ్చి పది నిమిషాలైనా 15 లోపుకి దిగకపోతేనే అనుమానించాలి. కొలరాడోలో ఐ-70 హైవే మీద డిల్లాన్ నుంచి ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా ఎక్కుడు దీనికి గట్టి పరీక్ష. 7 శాతం వాలు, సుమారు 8 మైళ్లు, 11,000 అడుగులు దాటే ఎత్తు. పైన గాలి పలచన, రేడియేటర్ అంతగా చల్లబడదు. టో/హాల్ బటన్ (బరువు లాగేటప్పుడు గేర్లు మారే తీరును సర్దేది) నొక్కి, గేరు దించి 2,500–2,800 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. పై గేరులో 1,700 దగ్గర ఈడ్చుకుంటూ పోతే వాటర్ పంపూ ఫ్యానూ నెమ్మదిస్తాయి, వేడి మాత్రం తగ్గదు. కూలెంట్ 220 దాటినా ఫ్యాన్ హోరు వినబడకపోతే ఫ్యాన్ క్లచ్ (వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను ఇంజన్‌తో కలిపి తిప్పేది) చూపించండి.

ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి 15 క్వార్టులు, అంటే 14.2 లీటర్లు పడుతుంది. లాగుడు పనికి 5డబ్ల్యూ-40 సింథటిక్, 5,000 మైళ్లకోసారి మార్పు. ఈ ఇంజన్‌లో ఇంజెక్టర్లను నడిపేది కూడా ఆయిల్ ఒత్తిడే, కాబట్టి పలచబడిన ఆయిల్ బేరింగులతో పాటు ఇంజెక్టర్లనూ ఇబ్బంది పెడుతుంది.

కూలర్ మార్చాల్సి వస్తే ముందు కూలెంట్ దారులన్నీ బాగా ఫ్లష్ చేయించాలి. లేకపోతే పాత బురదే కొత్త కూలర్‌లో చేరుతుంది. టర్బో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎలాగూ విప్పుతారు గనక, కూలర్ కింద ఉండే హై ప్రెషర్ ఆయిల్ పంప్ జల్లెడ కూడా అప్పుడే మార్చమనండి. తిరిగి నింపేది క్యాట్ ఈసీ-1 (క్యాటర్‌పిల్లర్ కంపెనీ పెట్టిన) ప్రమాణం ఉన్న కూలెంట్ అయితే సిలికేట్ గొడవ ఉండదు.

అభ్యాసం: మూడు బండ్లు, చదును రోడ్డు, 65 మైళ్ల వేగం. మొదటిది ఆయిల్ 204, కూలెంట్ 195. రెండోది ఆయిల్ 214, కూలెంట్ 193. మూడోది ఆయిల్ 190, కూలెంట్ 172. ఒక్కోదానికి మొదట ఏం చేయాలో రాసి పెట్టుకోండి. జవాబులూ, గేర్‌బాక్స్ ఆయిల్ వేడి లెక్కలూ 5వ పాఠంలో.